మేస్త్రి పెట్టని రెండు చుక్కలు

కిరోసిన్ దీపం వత్తిని కాస్త పైకి లాగితే మంట చివర నల్లటి పొగ తీగలా లేస్తుంది. ఆ పొగకు ఇనుప ముక్కను చూపిస్తే దాని మీద మెత్తటి మసి పూత కడుతుంది. నిన్న మధ్యాహ్నం రంగూన్ పబేడాన్‌లోని నా కుట్టుమిషన్ల రిపేరు దుకాణంలో ఒక పాత మిషనుకు కొత్త ముక్క అమర్చడానికి ఆ పనే చేస్తున్నాను. మసి వాసన ముక్కుకు తగిలింది. రోజూ తగిలే వాసనే, కానీ నిన్న చెయ్యి ఆగిపోయింది. ఎందుకంటే ఆ ఉదయమే మా గుడి కమిటీ సెక్రటరీ సూర్యారావు వచ్చి నాలుగు కాగితాలు బల్ల మీద పెట్టి వెళ్ళాడు. బోటాటౌంగ్‌లో పేరు తెచ్చుకున్న తెలుగువాళ్ళ గురించి గుడి తరఫున ఒక చిన్న పుస్తకం వేస్తున్నారట. అందులో మా సింహాచలం మేస్త్రి గురించి రాసినది నన్నొకసారి చూడమన్నాడు. "ఎనభై ఎనిమిదో సంవత్సరపు గొడవల్లో ఒక అమాయకుడి ప్రాణం కాపాడడానికి తుపాకీని తెలివిగా పాడుచేసిన మహానుభావుడు" అని ఉంది. ఆ వాక్యం తప్పు. మేస్త్రి తన జన్మలో ఏ వస్తువునూ పాడుచేయలేదు. ఆ తుపాకీని పాడుచేసినవాణ్ణి నేను. ఈ సంగతి ఆయన బతికుండగానే ఆయనకు చెప్పాను, పదిమందిలోనూ చెప్పాను. అయినా ఆయన పోయాక జనం మెల్లగా పాత కథకే వెళ్ళిపోయారు. అందుకని ఆయన్ని ఎరగనివాళ్ళ కోసం జరిగింది జరిగినట్టు రాసి, ఆ నాలుగు కాగితాల బదులు ఇవి వేయమని సూర్యారావుకు ఇస్తున్నాను.

మేస్త్రి తాతలు శ్రీకాకుళం వైపు నుంచి రంగూన్ రేవులో మూటలు మోయడానికి వచ్చినవాళ్ళు. ఆయన మాత్రం ఇన్సేన్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. పొద్దున్నే రైలెక్కి పోయి సాయంత్రం రైల్లో తిరిగి వచ్చేవాడు. బోటాటౌంగ్‌లో మావన్నీ వరసగా అతుక్కున్న చెక్క ఇళ్ళు. ఆయన ఇంటి వసారాలో ఒక బల్ల, దానికి బిగించిన, ముక్కల్ని కదలకుండా పట్టే వైసు, గోడకు వరసగా ఆకురాళ్ళు ఉండేవి. ఆదివారాలు అక్కడ కూర్చుని పందేల తుపాకులు బాగుచేసేవాడు. గాలిలోకి విసిరిన మట్టి పళ్ళేలను కొట్టే ఆట అది. పెద్ద ఉద్యోగాలు చేసినవాళ్ళు కొందరు ఆడేవారు. దేశం తలుపులన్నీ మూసుకుని కూర్చున్న కాలం కాబట్టి విడిభాగాలు దుకాణాల్లో దొరికేవి కావు. ఓడల్లో పనిచేసే ఎవరో ఒకరి సంచిలో సింగపూరు నుంచి ఒక ముక్క రావాలి. ఆ వచ్చిన ముక్క ఎప్పుడూ తిన్నగా అమరేది కాదు, ఎందుకంటే ఆ తుపాకీ చేసినవాళ్ళు వేరు, ఆ ముక్క చేసినవాళ్ళు వేరు. ఆ రెంటికీ పొత్తు కుదర్చడమే మేస్త్రి పని. బర్మావాళ్ళు ఆయన్ని "సయా" అనేవారు. గురువు, పనిమంతుడు అని దాని అర్థం. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. రేవులో క్రేన్ల షెడ్డులో ఫిట్టర్ని. పక్కింటివాణ్ణి, ఆయన్ని మావా అని పిలిచేవాణ్ణి. ఆదివారం వస్తే ఆయన బల్ల దగ్గరే ఉండేవాణ్ణి.

కొత్త ముక్కకు మసి పట్టించి దాని చోట్లో పెట్టి తీస్తే, ఎక్కడ ఒరుసుకుంటుందో అక్కడ మసి చెరిగిపోతుంది. ఆ చెరిగిన చోట మాత్రమే ఒక గీత గియ్యాలి. మళ్ళీ మసి, మళ్ళీ గీత. ఒకసారి నేను మసి చెరిగిన చోటు చూసి, ముక్కనూ తుపాకీనీ మార్చి మార్చి చూస్తున్నాను.

"ఏటిరా ఆ సూపు?" అన్నాడు మేస్త్రి.

"తుపాకీ అంచు కొంచెం గీసేత్తే బేగి అయిపోద్ది కదా మావా."

"కొత్తగా ఒచ్చింది ఏది? ఈ ముక్క. గీత్తే దీన్నే గియ్యాల. ముక్క పోతే ఇంకో ఓడ మడిసి తెత్తాడు. తుపాకీ పోతే ఎవులు తెత్తారు, మీ బాబు తెత్తాడా?"

ముక్క అమరాక టేకు చెక్కతో చేసిన ఉత్తుత్తి తూటాలు వందసార్లు ఎక్కించి తీసేవాడు. ఆ రోజుకు పక్కన పెట్టి, మర్నాడు మళ్ళీ వందసార్లు. అప్పటికీ ఎక్కడా పట్టకపోతేనే పంచి అనే మొనదేలిన ఉలి తీసుకుని, ముక్క లోపలివైపు ఎవరికీ కనబడని చోట పక్కపక్కనే రెండు చిన్న చుక్కలు కొట్టేవాడు. గొప్ప కోసం కాదు. ఆ పనిలో తప్పు దొరికితే తిన్నగా తన దగ్గరికే తిరిగి రావాలని. ఆయన భార్య పైడమ్మత్త గడ్డం మీద మూడు పచ్చబొట్టు చుక్కలుండేవి. "తుపాకీకైతే రెండ్రోజులు ఆగుతాడు. నన్ను మాత్రం ఒక్కపాలి సూసి ఒప్పీసుకున్నాడు," అని ఆమె లోపల్నుంచి అనేది. "నువ్వొచ్చేతలికే నీకు మూడు సుక్కలున్నాయి కదే, నాను కొట్టడానికేటుంది?" అని ఈయన.

ఎనభై ఎనిమిది వానాకాలంలో ఊ చిట్ అనే బర్మా పెద్దమనిషి తన తుపాకీ తెచ్చి ఇచ్చాడు. అడవుల శాఖలో పనిచేసి రిటైరైన మనిషి, మా వీధి మొగలో మేడ ఇల్లు. తుపాకీ అడుగున తూటాలు తోసే కంతకు ఒక రేకు తలుపు ఉంటుంది. ఆయన తుపాకీకి ఆ రేకు వంగిపోయి, తూటా తోసిన ప్రతిసారీ బొటనవేలిని కొరికేది. దాని బదులు వేయడానికి ఎవరో ఓడ మనిషి కొత్త రేకు తెచ్చాడు. మేస్త్రి రెండు ఆదివారాలు దాని మీద పనిచేశాడు. ఈలోగా సైనిక ప్రభుత్వం దిగిపోవాలని ఊరు ఊరంతా వీధుల్లోకి వచ్చేసింది. విద్యార్థులు, సన్యాసులు, రేవు కూలీలు, ఆఖరికి గుమాస్తాలు కూడా. పందేల మాట ఎత్తేవాడు లేడు. ఆ రోజుల్లోనే మేస్త్రికి చలిజ్వరం పట్టుకుంది. జ్వరంతోనే బల్ల దగ్గర కూర్చుంటే పైడమ్మత్త చేతిలోంచి ఆకురాయి లాగేసుకుంది. ఇన్సేన్‌లో ఉన్న చెల్లెలికి బాగులేదని కబురొస్తే ఆ ఒంటితోనే రైలెక్కాడు. మర్నాటికి రైళ్ళు నిలిచిపోయాయి. రైల్వేవాళ్ళు కూడా పనులు మానేసి వీధుల్లోకి వచ్చారు. బస్సులూ లేవు. మేస్త్రి అక్కడే చిక్కుకుపోయాడు.

అప్పుడే జైళ్ళు తెరిచి ఖైదీలను వదిలేశారన్న వార్త, తాగే నీళ్ళలో విషం కలుపుతున్నారన్న పుకారు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ప్రతి వీధికీ వెదురు కంచెలు కట్టి జనమే కాపలా కాసేవారు. ఊ చిట్ మేస్త్రి ఇంటికి వచ్చాడు. పైడమ్మత్త బియ్యం వరసలో నిలబడడానికి పోయింది. బల్ల దగ్గర నేనొక్కణ్ణే ఉన్నాను. మేము బర్మా భాషలో మాట్లాడుకున్నాం.

"మీ సయా ఎప్పుడొస్తాడు?"

"తెలియదండీ. రైళ్ళు లేవు."

"వీధిలో అందరి చేతుల్లోనూ కర్రలే. నా తుపాకీ కంచె దగ్గర ఉంటే బెదిరింపుకైనా పనికొస్తుంది. నువ్వు పూర్తి చేయగలవా? లేక సయా పక్కన కూర్చుని టీలు తాగడమేనా నీ పని?"

చేయలేనని చెప్పాల్సింది. రేపు సాయంత్రానికి ఇస్తానన్నాను. ఆయన నవ్వి, "రెండు చుక్కలు లేకపోతే తీసుకోను సుమా," అని వెళ్ళిపోయాడు.

మసి పట్టించి చూస్తే రేకు ఇంకా రెండు చోట్ల ఒరుసుకుంటోంది. గట్టి ఉక్కు, ఆకురాయి దాని మీద జారిపోతోంది. మేస్త్రి పద్ధతిలో చేస్తే ఇంకో మూడు రోజుల పని. తుపాకీ అంచు మెత్తగా ఉంది. ఆకురాయి దాని మీద పెట్టాను. ఐదారు గీతలు, అంతే. రేకు వెన్నలా కదిలింది. చెక్క తూటాలు ఏడెనిమిది సార్లు ఎక్కించాను, ఎక్కాయి. మర్నాటి దాకా ఆగలేదు. పంచి తీసి రెండు చుక్కలు కొట్టాను. ఆయన గుర్తు పెట్టడం ఆయనకు మర్యాదేనని ఆ పూట నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి వేరు. నా పని ఆయన పనిలా చెల్లిపోవాలి, అదీ నా ఆశ.

తుపాకీ ఊ చిట్‌కు ఇచ్చేసిన రెండో రోజు పొద్దున కంచె దగ్గర కేకలు వినబడి పరుగెత్తాను. ఇక్కడి వీధుల్లో ఇళ్ళ ముందు బాటసారుల కోసం మంచినీళ్ళ కుండలు పెడతారు. ఒక బక్క మనిషి అలాంటి కుండలో తెల్లటి పొడి వేస్తూ పట్టుబడ్డాడు. అప్పటికే పది దెబ్బలు తిన్నాడు. భయంతో నోరు పెగలడం లేదు, పెగిలినా గంజాం వైపు ఒరియా మాటలు తప్ప రావడం లేదు. "విషం, విషం" అని అందరూ అరుస్తున్నారు. ఊరి నాలుగు మూలలా ఇలాంటి అనుమానంతో మనుషుల్ని చంపేస్తున్న రోజులు అవి. ఎవరో "కాల్చెయ్" అన్నారు. పదిమంది అందుకున్నారు. బెదిరింపుకని తుపాకీ తెచ్చిన ఊ చిట్ ఇప్పుడు జేబులోంచి తూటా తీసి కంతలోకి తోశాడు. తూటా సగం దూరం పోయి ఆగిపోయింది. రేకు మూసుకోదు, తెరుచుకోదు. బొటనవేలితో తోశాడు, అరచేత్తో కొట్టాడు. ఎక్కడ పట్టేసిందో నాకు తెలుసు, నేను అరగదీసిన అంచు దగ్గరే.

ఈలోగా పైడమ్మత్త జనాన్ని మోచేతులతో తోసుకుంటూ వచ్చింది. చేతిలో ఖాళీ బిందె ఉంది. ఒరియా ఆమెకు వచ్చు. ఆ మనిషిని రెండు మాటలు అడిగి, అతని మూటలోంచి గుప్పెడు పొడి తీసి, అందరూ చూస్తుండగా నోట్లో వేసుకుంది. ముఖం చింతకాయ తిన్నట్టు ముడుచుకుపోయింది.

"పటికిరా సన్నాసుల్లారా, పటికి! మురికి నీళ్ళు తేరతాయని ఏసినాడు. నాను సత్తానేమో కూకుని సూడండి. సచ్చినాక ఆణ్ణి సంపండి."

తెలుగులో ఒకసారి, బర్మా భాషలో ఒకసారి తిట్టి, బిందె బోర్లించి దాని మీద కూర్చుంది. అరగంట జనమంతా ఆమె ముఖం చూస్తూ నిలబడ్డారు. ఆమె చావలేదు, తిట్లూ ఆపలేదు. ఆఖరికి ఎవరో ఆ మనిషికి నీళ్ళిచ్చి కంచె దాటించారు.

ఊ చిట్ తుపాకీని తిప్పి కంతలోకి చూశాడు. అంచు మీద తాజా గీతలు, రేకు లోపల రెండు చుక్కలు కనబడ్డాయి. "సయా కావాలనే చేశాడు. నన్ను మోసం చేశాడు," అన్నాడు. పక్కనున్న మా తెలుగాయన ఒకడు, "చేస్తే మంచి పనే చేశాడు," అన్నాడు. రెండు కథలూ అక్కడే పుట్టాయి. నేను గుంపు వెనక నిలబడి రెండూ విన్నాను.

వారం తరవాత మేస్త్రి ఇన్సేన్ నుంచి రైలు పట్టాల వెంట నడిచి ఇల్లు చేరాడు. ఊ చిట్ తుపాకీ తెచ్చి ఆయన ముందు పడేశాడు. మేస్త్రి దాన్ని గుమ్మం వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూశాడు.

"నాను తుపాకీ మీద ఆకురాయి ఎట్టను. ఇది నా పని కాదు," అన్నాడు.

"చుక్కలో?" అన్నాడు ఊ చిట్.

మేస్త్రి ఆ చుక్కల మీద వేలు పెట్టి తడిమాడు. ఊ చిట్ వెళ్ళాక మేస్త్రి నా వైపు తిరిగాడు. "ఒరే నూకరాజూ, నువ్వేమన్నా దీన్ని ముట్టినావా?"

"లేదు మావా," అన్నాను. ఇంకో మాట అడగలేదాయన.

తరవాత సైన్యం వీధుల్లోకి వచ్చింది. ఏం జరిగిందో అందరికీ తెలుసు, నేను రాయనక్కర్లేదు. ఇళ్ళలోని తుపాకులన్నీ అప్పగించాల్సి వచ్చింది, ఊ చిట్ తుపాకీ కూడా వాటితోపాటే పోయింది. ఇక అది నన్ను పట్టివ్వదని ఆ రోజు హాయిగా నిద్రపోయాను. సిగ్గుతోనే రాస్తున్నా, నిజమది. పందేలవాళ్ళు మేస్త్రి గుమ్మం తొక్కడం మానేశారు. మనవాళ్ళు మాత్రం ఆయన్ని దేవుణ్ణి చేశారు. "నాను సెయ్యలేదు" అని ఆయన అన్నప్పుడల్లా "పెద్దమనుషులు అలాగే అంటారు" అని దండం పెట్టేవారు. కాళ్ళు పట్టుకోబోయిన ఒకామెను కసిరి పంపించాడు. వర్క్‌షాపులో అడిగి మరీ ఫిట్టరు పని మానుకుని, స్టోరు కిటికీ దగ్గర నట్లు, బోల్టులు అందించే పనికి మారాడు. వసారాలోని బల్ల మీద గోనెపట్టా కప్పేశాడు. పైడమ్మత్త దాని మీద గుమ్మడికాయలు పెట్టుకునేది. ఊ చిట్ మాటలకు మనసు విరిగిందనుకున్నాను. నాకు పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, దుకాణం పెట్టాను. ప్రతి శుభానికీ ఆయన వచ్చి అక్షింతలు వేసి వెళ్ళేవాడు. ఆ చెయ్యి నెత్తిమీద పడినప్పుడు తల మరికొంచెం వంచేవాణ్ణి. పదహారేళ్ళు అలా గడిచాయి.

ఆయనకు కంట్లో శుక్లం తీయించడానికి నేనే ఆస్పత్రికి తీసుకెళ్ళాను. కట్టు విప్పిన రోజు వస్తూ దారిలో టీ దుకాణంలో కూర్చున్నాం. ఆయన ఎదురుగా గోడ మీదున్న కేలండరు అంకెలు చిన్నపిల్లాడిలా చదువుతున్నాడు.

"ఇంక మళ్ళీ బల్ల తియ్యొచ్చు మావా. కళ్ళు బాగా కనబడతన్నాయి కదా," అన్నాను.

"కళ్ళకేటి, బాగున్నాయి. సెయ్యినే నమ్మలేను." టీ గ్లాసు కింద పెట్టాడు. "నీకు తెల్దు గానీ, ఆ తుపాకీ నానే పాడుసేసినాన్రా. జొరంలో కూకున్నాను కదా ఆవేళ. ఎంత తలుసుకున్నా గురుతు రావట్లేదు. గురుతు రాకపోతే మాత్తరం, సుక్కలున్నాయి కదా? నా సెయ్యి నాకు తెలీకండా అంత పని సేసిందంటే, మళ్ళీ ఆకురాయి ఎలాగ పడతాను?"

ఆయన బల్ల మూసింది ఊ చిట్ మీద కోపంతో కాదని అప్పుడు తెలిసింది. నా రెండు చుక్కలను ఆయన నమ్మేశాడు. తన చేతిని అనుమానించాడు. పదహారేళ్ళు.

"నువ్వు కాదు మావా. నాను. అంచు గీసింది నాను. సుక్కలు కొట్టింది నాను. నువ్వు అడిగినప్పుడు అబద్దం ఆడినాను."

ఆయన కొత్తగా తేరిన కళ్ళతో నన్ను చూశాడు. లేచి కొడతాడనుకున్నాను, కొట్టాలని కూడా అనుకున్నాను. ఆయన తన కుడిచెయ్యి బల్ల మీద పెట్టి, వేళ్ళు విప్పి మూసి, మళ్ళీ విప్పాడు.

"అయితే ఇది సెయ్యలేదా?"

"లేదు మావా."

"ఒట్టు?"

"నా పిల్లల మీద ఒట్టు."

అప్పుడాయన నవ్వాడు. దుకాణంలో నలుగురూ తిరిగి చూసేంత గట్టిగా నవ్వాడు. నవ్వుతూనే నా నెత్తి మీద ఒక మొట్టికాయ వేశాడు. నలభై దగ్గరపడిన మనిషికి నడిబజారులో మొట్టికాయ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నొప్పికి మాత్రం కాదు. "ఎదవా, తుపాకీ మీద ఆకురాయి ఎట్టొద్దని ఎన్నిపాలీలు సెప్పినాను?" అన్నాడు. అబద్ధం గురించి మాట్లాడలేదు, తప్పు పని గురించే తిట్టాడు. ఆ తిట్లు వింటుంటే గుండెల మీంచి ఒక బరువు దిగింది. తరవాత గ్లాసులో మిగిలిన టీ తాగేసి, "నాతోటి సెప్తే సాలదు. అందరికీ సెప్పాల. నన్ను దేవుణ్ణి సేసినోళ్ళందరికీ," అన్నాడు.

అమ్మవారి పండగ భోజనాల్లో, ఆకులు ఎత్తకముందు లేచి నిలబడి చెప్పాను. మేస్త్రి పైడమ్మత్త పక్కనే కూర్చుని, ఒక్క మాట వదలకుండా చెప్పించాడు. చుక్కల దగ్గర నేను తొందరపడితే "ఆగు, ఎవులు కొట్టినారో సెప్పు," అన్నాడు. జనానికి నచ్చలేదు. ఒక ముసలాయన, "అయితే ఆ మడిసిని బతికించింది ఈడి సేతగానితనమన్నమాట," అని ముఖం చిట్లించాడు.

"కాదు," అన్నాడు మేస్త్రి. "తూటా ఆగితే కర్రల్లేవా, కత్తుల్లేవా? బతికించింది నా పెళ్ళాం నాలిక."

అందరూ ఆమె వైపు చూశారు. నిజానికి అన్నేళ్ళలో ఎవరూ ఆమెను చూడలేదు. తుపాకీ చుట్టూ తిరుగుతూ ఉండిపోయాం. "అది పటికని నీకు ముందే తెలుసా అత్తా?" అని ఎవరో అడిగారు.

"పటికి అని ఆడన్నాడు. నిజమో కాదో నాకేటి తెలుసు?" అంది ఆమె. "తెలిత్తే నోట్లో ఏసుకోడం ఎందుకు, నోటితోటే సెప్పీసేదాన్ని."

మర్నాడే గుమ్మడికాయలు మంచం కిందికి పోయాయి. మేస్త్రి ఆ తరవాత ఏడేళ్ళు పనిచేశాడు. తుపాకులు ఇక రాలేదు. కుట్టుమిషన్లు, తాళాలు, ఒకసారి డాక్టరుగారి తూకం యంత్రం వచ్చాయి. నాకు లొంగని పనులు ఆయనకు తీసుకెళ్ళేవాణ్ణి. ఆఖరి సంవత్సరం కూడా వేళ్ళు వణికేవి కావు. చూశావా అన్నట్టు చెయ్యి చాపి నాకు చూపించేవాడు.

ఆయన దగ్గర నేర్చుకున్న పనిలో సగం మరిచిపోయాను. ఆయనతో చెప్పిన "సేసింది నానే" అన్న ఒక్క మాట మాత్రం నోటికి అలవాటైపోయింది. ఇప్పుడు నా చేతిలో ఏదైనా విరిగితే, గిరాకీ చూడకముందే నేనే ఎదురెళ్ళి చెప్పేస్తాను. మొన్న పంజాబీ డ్రెస్సులు కుట్టే ఒక అమ్మాయి మిషను తీసుకెళ్ళడానికి వచ్చింది.

"అమ్మా, నీ మిషను చక్రం నేనే విరగ్గొట్టాను," అన్నాను.

ఆ అమ్మాయి చక్రాన్ని చూసింది, నన్ను చూసింది, నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఇరగ్గొట్టినారు సరే. మళ్ళీ ఆ నవ్వేటి?" అంది.